రోజుకొక మిల్లీమీటరు

తెగిన నరం పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంటే నెలకు 3 సెంటీమీటర్లు, ఏడాదికి 36. పెద్దవాళ్ల కాలిలో మోకాలి నుంచి చీలమండ దాకా ఉండే దూరం ఇంచుమించు అంతే. ఈలోగా నరం ఆసరా పోయిన కండరం అలాగే ఉండిపోదు. నెలనెలా సన్నబడుతుంది. 12 నుంచి 18 నెలలు దాటితే పీచుగా, కొవ్వుగా మారిపోతుంది. ఆ తర్వాత నరం వచ్చి చేరినా దాన్ని కదిలించడం కష్టం. కాలి నరం దెబ్బతిన్న ఆటగాడు మళ్లీ మైదానంలో దిగుతాడా లేదా అన్నది చాలా మటుకు ఈ రెండు లెక్కల్లో ఏది ముందు పూర్తవుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మన చెన్నేకొత్తపల్లి మండలం చుట్టుపక్కల ఈ సంగతి తెలియాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. బడి మైదానాల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లలు, 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకులపై తిరిగే కుర్రాళ్లు, చెనక్కాయ చేలల్లో పొద్దంతా గొంతుక్కూచుని కలుపు తీసే ఆడవాళ్లు. వీళ్లందరి కాళ్లలోనూ ప్రమాదం పొంచి ఉన్న చోటు ఒకటే. మోకాలి బయటివైపు, కాస్త కిందుగా వేలితో నొక్కి చూడండి, గుండ్రటి ఎముక ఒకటి తగులుతుంది. దాని మెడ చుట్టూ తిరిగి పెరోనియల్ నరం కిందికి దిగుతుంది. అక్కడ దానికి పైన చర్మం, పల్చటి కొవ్వు తప్ప వేరే కాపు లేదు. దెబ్బ తగిలినా, మోకాలు పక్కకు విరుచుకుపోయినా, గట్టి కట్టు ఒత్తినా ముందు నలిగేది అదే.

ఈ నరం చేసే పని పాదాన్ని, వేళ్లను పైకి ఎత్తడం, పాదాన్ని బయటివైపు తిప్పడం. అది ఆగిపోతే అడుగు వేసేటప్పుడు పాదం ముందుభాగం కిందికి వాలిపోతుంది. చెప్పు జారిపోతుంది. బొటనవేలు నేలకు తట్టుకుంటుంది. తట్టుకోకుండా ఉండడానికి మనిషి మోకాలిని మెట్టు ఎక్కుతున్నట్టు పైకెత్తి నడుస్తాడు. పాదం పైభాగం, బొటనవేలికీ పక్కవేలికీ నడిమి సందు మొద్దుబారతాయి. వైద్యులు దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. ఇంట్లోవాళ్లు మాత్రం తరచు ‘జోము పట్టింది, రెండు రోజుల్లో పోతుందిలే’ అనుకుంటారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

618 రోజులు

ఈ గాయం నుంచి తిరిగి వచ్చిన ఆటగాళ్లలో అందరికన్నా వివరంగా లోకానికి తెలిసినవాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే జేలన్ స్మిత్. 1995లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టాడు. నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం జట్టులో లైన్‌బ్యాకర్. బంతితో దూసుకొచ్చే ప్రత్యర్థిని పట్టి పడేయడం అతని పని. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని పట్టే డిఫెండరుకు దగ్గరి పాత్ర. 2015లో దేశంలోని ఉత్తమ కళాశాల లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్‌కస్ అవార్డు అతనికే వచ్చింది. మరుసటి ఏడాది జరిగే ప్రొఫెషనల్ ఆటగాళ్ల ఎంపికలో మొదటి అయిదుగురిలో ఒకడిగా ఉంటాడని అందరూ లెక్క వేసుకున్నారు.

2016 జనవరి 1న ఓహాయో స్టేట్ జట్టుతో ఫియెస్టా బౌల్ మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే అతని ఎడమ మోకాలు విరుచుకుపోయింది. ముందువైపు లిగమెంటు, బయటివైపు లిగమెంటు రెండూ తెగాయి. బయటివైపు లిగమెంటు తెగడమంటే మోకాలు ఆ వైపు బాగా తెరుచుకుందని అర్థం. ఆ చోటనే ఉన్న పెరోనియల్ నరం సాగిపోయింది. లిగమెంట్లను కొత్తగా అల్లి నిలపడం ఇప్పుడు శస్త్రవైద్యులకు తెలిసిన విద్యే, దానికి తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుందని ముందే చెప్పగలరు. నరం విషయంలో అలా గడువు చెప్పగలిగినవాళ్లు లేరు. పాదం పైకి లేవడం లేదు. అతణ్ని తీసుకుందామనుకున్న జట్లు ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి.

ఏప్రిల్ చివర్లో జరిగిన ఎంపికలో డాలస్ కౌబాయ్స్ జట్టు అతణ్ని రెండో రౌండ్‌లో, 34వ ఆటగాడిగా తీసుకుంది. అతనికి మోకాలి శస్త్రచికిత్స చేసిన డాన్ కూపర్ ఆ జట్టు వైద్యుడే. నరం ఎంత చెడింది, ఎంత మిగిలింది అన్నది కళ్లారా చూసినవాడు జట్టులోనే ఉన్నాడన్నమాట. కౌబాయ్స్ ధైర్యానికి ఆధారం అదే అని నా అభిప్రాయం. 2016 సీజన్ మొత్తం అతను ఆడలేదు. 2017 సెప్టెంబరు 10న న్యూయార్క్ జెయింట్స్ మీద మొదటిసారి బరిలో దిగాడు. దెబ్బ తగిలిన రోజు నుంచి లెక్కిస్తే 618 రోజులు.

అప్పటికీ నరం పూర్తిగా రాలేదు. పాదాన్ని నిలబెట్టే పట్టీ కట్టుకునే ఆ సీజన్ 16 మ్యాచ్‌లూ ఆడాడు, 81 ట్యాకిల్స్ చేశాడు. 2018లో ఆ పట్టీ లేకుండా ఆడాడు, 121. 2019లో 142, ఆ ఏడాదే లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ పిలుపు కూడా. 2020లో 154. 81, 121, 142, 154 అన్న ఈ వరుసలో నాకు ఆట కన్నా ఎక్కువగా కనిపించేది నరం తిరిగి నడిచిన దారి. 2019 ఆగస్టులో కౌబాయ్స్ అతనితో మరో 5 ఏళ్లకు 6.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. 2021 అక్టోబరులో అదే జట్టు అతన్ని వదులుకుంది కూడా. అది ఆటలో మామూలే. 34వ స్థానానికి జారిన రోజున ఇంత కాలం ఆడతాడని అనుకున్నవాళ్లు తక్కువ.

618 రోజులంటే రోజుకు 1 మిల్లీమీటరు లెక్కన దాదాపు 62 సెంటీమీటర్లు. మోకాలి దగ్గర దెబ్బతిన్న నరం ముంగాలి కండరాలను చేరడానికి అంత అక్కర్లేదు. ఆ కండరాలకు నరం కొమ్మలు మోకాలి కింద 10, 15 సెంటీమీటర్లలోపే దిగుతాయి. సాగిపోయిన భాగం మోకాలి పైకి మరో 10 సెంటీమీటర్లు ఉందనుకున్నా మొత్తం 25 దాటదు. అంటే 250 రోజులు, మొదట్లో నరం కదలకుండా ఉండే కొన్ని వారాలు కలిపితే తొమ్మిది, పది నెలలు. కండరం 12 నుంచి 18 నెలలు ఆగగలదు కాబట్టి గడువు మిగిలే ఉంటుంది. నరం చేరిన తర్వాత ఆ కండరం నడవడానికి సరిపడా బలం తెచ్చుకోవడం ఒక దశ, పరుగెత్తి ఆగి తిరగడానికి సరిపడా తెచ్చుకోవడం మరో దశ. మిగిలిన రోజులు ఎక్కువగా వాటికే పోయి ఉంటాయి.

మన దేశంలో దీనికి దగ్గరి ఘటన రిషభ్ పంత్‌ది. 2022 డిసెంబరు 30న రూర్కీ దగ్గర కారు ప్రమాదంలో అతని కుడి మోకాలి కీలు తప్పింది, లిగమెంట్లు తెగాయి. నరం గనుక దెబ్బతిని ఉంటే కాలు తీసేయాల్సి వచ్చేదేమోనని భయపడ్డానని తర్వాత చెప్పాడు. 2023 జనవరిలో ముంబైలో దిన్షా పార్డీవాలా శస్త్రచికిత్స చేశారు. 2024 మార్చి 23న, 449 రోజుల తర్వాత, ఐపీఎల్‌లో మళ్లీ బ్యాట్ పట్టాడు. రెండు ఆటలు వేరు, రెండు గాయాలు వేరు. అయినా స్మిత్‌కూ పంత్‌కూ మధ్య ఉన్న 169 రోజుల తేడాలో నరానికి పెద్ద వాటా ఉందని నా అంచనా.

నరానికి మూడు రకాల దెబ్బలు

నరం దెబ్బ అనగానే ‘ఇంక కాలు పోయినట్టే’ అని కొందరు, ‘నెలలో తగ్గిపోతుంది’ అని కొందరు అంటారు. రెండూ నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. బ్రిటన్ శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో చేసిన విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి రకంలో నరం పోగులు తెగవు, వాటి పైతొడుగు నలుగుతుంది. కొన్ని వారాల్లో, ఎక్కువలో ఎక్కువ మూడు నెలల్లో దానంతటదే కుదురుకుంటుంది. కలుపు తీయడానికి గంటల తరబడి గొంతుక్కూచుంటే వచ్చే పాదం వాలుడు చాలావరకు ఈ రకమే. రెండో రకంలో లోపలి పోగులు తెగుతాయి కానీ అవి నడవాల్సిన గొట్టాలు నిలిచి ఉంటాయి. మిల్లీమీటరు లెక్క ఈ రకానిది. మూడో రకంలో నరం మొత్తం తెగిపోతుంది, లేదా లోపల మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. దానికి కత్తి పెట్టక తప్పదు.

నరం ఇంత నెమ్మదిగా పెరగడానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. పాదానికి వెళ్లే నరం పోగుకు తల్లి కణం నడుము దగ్గర వెన్నుపాములో ఉంటుంది. అక్కడి నుంచి పాదం దాకా దాదాపు మీటరు పొడవున ఒకే కణం సాగి ఉంటుంది. తెగిన చోట కొత్త పోగు అల్లడానికి కావాల్సిన పదార్థమంతా ఆ తల్లి కణంలోనే తయారై, అంత దూరమూ మెల్లగా నడిచి రావాలి. తెగిన చోటు నుంచి కింది భాగం ముందు చచ్చి శుభ్రం కావాలి. ఆ సంగతిని 1850లో కప్పల నరాల మీద అగస్టస్ వాలర్ చూపించాడు. బి-12 మాత్రలు ఈ వేగాన్ని పెంచుతాయని చాలామంది నమ్ముతారు. బి-12 లోపం ఉన్నవాళ్లకు అవి తప్పనిసరి. దెబ్బకు తెగిన నరాన్ని అవి తొందరపెడతాయనడానికి గట్టి రుజువు లేదు. డబ్బు తక్కువ ఉన్న ఇల్లు ఫిజియోథెరపీ మానేసి ఆ మాత్రలకు ఖర్చు పెట్టడం చూస్తే బాధగా ఉంటుంది.

ఏ రకం దెబ్బో తేల్చేది నరాల పరీక్ష. సూదితో కండరంలో విద్యుత్తు చూసే ఈఎంజీ పరీక్షను మొదటి వారంలో చేస్తే తప్పుదోవ పట్టించవచ్చు. పోగులు చచ్చిన గుర్తులు కండరంలో కనిపించడానికి మూడు వారాలు పడుతుంది. అందుకే మొదటి పరీక్ష మూడు వారాలప్పుడు, మళ్లీ మూడు నెలలప్పుడు చేయిస్తారు. రెండింటి మధ్య మెరుగు ఉంటే వేచి చూస్తారు. మూడు నుంచి ఆరు నెలల్లో ఏ కదలికా లేకపోతే నరాన్ని తెరిచి చూడాలి.

ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల మీద ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ 1915లో దీన్ని వర్ణించాడు. నరం దారి వెంట వేలితో మెల్లగా తట్టుకుంటూ పోతే, కొత్త పోగులు ఎంతవరకు వచ్చాయో అక్కడ కిందికి చిమచిమలాడుతుంది. ఫిజియోథెరపిస్టు ఆ చోటు కొలిచి రాసుకుంటే, నెల తర్వాత అది 3 సెంటీమీటర్ల కింద ఉండాలి. అక్కడే నిలిచిపోతే ఏదో అడ్డం ఉన్నట్టు.

6 సెంటీమీటర్ల హద్దు

శస్త్రచికిత్స ఫలితాలకు నేను నమ్మే లెక్క లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లైన్ బృందం 2004లో ప్రచురించినది. మోకాలి దగ్గర పెరోనియల్ నరం దెబ్బతిన్న 318 మందిని వాళ్లు పరిశీలించారు. తెగిన కొసలను నేరుగా కలిపి కుట్టగలిగిన వాళ్లలో 84 శాతం మందికి పాదం పనికొచ్చేంత బలం తిరిగి వచ్చింది. మధ్యలో ఖాళీ ఉంటే పిక్క వెనకనుంచి చర్మస్పర్శ నరాన్ని తీసి అతుకు వేయాలి. ధర్మవరం మగ్గం మీద తెగిన పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికే ఓపిక దానికి కావాలి. అతుకు పొడవు 6 సెంటీమీటర్లలోపు ఉంటే 75 శాతం మందికి ఫలితం. 6 నుంచి 12 సెంటీమీటర్లయితే 38 శాతం. 13 దాటితే 16 శాతం. కత్తి గాటుకు తెగిన నరం కన్నా ఆటలోనో, బైకు ప్రమాదంలోనో సాగి చెడిన నరం ఎందుకు మొండిదో ఈ అంకెలే చెబుతాయి. సాగినప్పుడు చెడేది ఒక చోటు కాదు, జానెడు పొడవు.

దెబ్బ ఎంత పైన తగిలితే అంత కష్టం. పిరుదు మీద తప్పు చోట వేసిన ఇంజెక్షన్ తుంటి నరానికి తగలడం మన పల్లెల్లో ఇప్పటికీ జరుగుతోంది. పెద్దవాళ్లలో అక్కడి నుంచి ముంగాలి కండరాలకు దూరం 55 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. 550 రోజులు, అంటే 18 నెలలు. కండరం ఆగగలిగే గడువు చివరి అంచు అది. అయిదేళ్ల పిల్లవాడికి ఆ దూరం దాదాపు సగం, అందుకే పిల్లల్లో ఆశ ఎక్కువ. చిన్నపిల్లలకు ఇంజెక్షన్ తొడ ముందు, బయటి భాగంలో వేయడం క్షేమం. ఆ మాట వేసేవాళ్లను అడగడానికి తల్లులు మొహమాటపడకూడదు.

నరం రానివాళ్ల దారి మూసుకుపోలేదు. పాదాన్ని లోపలికి తిప్పే వెనక కండరం తాడును ఎముకల నడుమ నుంచి ముందుకు తెచ్చి పాదం పైన కుడితే అదే పాదాన్ని ఎత్తుతుంది. ఆరు వారాలు ప్లాస్టర్, ఆ తర్వాత ఆ కండరానికి కొత్త పని నేర్పడం. ఈ విద్య కుష్ఠు రోగుల కాళ్ల మీద బాగా పండింది. వెల్లూరు, కరిగిరి ఆసుపత్రులకు అందులో గొప్ప పేరు ఉంది. కుష్ఠు కూడా ఇదే నరాన్ని ఇదే చోట పట్టుకుంటుంది. పాదం వాలిపోయి ఆరు నెలలు దాటకముందే వస్తే స్టెరాయిడ్ మందులతో చాలామందికి నరం నిలుస్తుంది, ఆ తర్వాత ఆశ తగ్గుతుంది. దెబ్బేమీ లేకుండా పాదం వాలిందంటే, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉందేమో తప్పకుండా చూసుకోవాలి.

పాదాన్ని నిలబెట్టే పట్టీని కూడా ఓటమి గుర్తుగా చూడకూడదు. స్మిత్ దాన్ని కట్టుకునే అమెరికాలోని అతి పెద్ద లీగ్‌లో 81 మందిని పడేశాడు. అదే లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ కాలు విరిగి, ఇన్‌ఫెక్షన్ పాకి, 17 శస్త్రచికిత్సల తర్వాత వాలిన పాదంతోనే, పట్టీ కట్టుకుని 693 రోజులకు 2020 అక్టోబరు 11న ఆడాడు. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో ఇలాంటి పట్టీలు, క్యాలిపర్లు తయారుచేసి ఇస్తారు. పారా క్రీడల్లో కాలు తీసేసినవాళ్లకే కాదు, నరం పోయి కండరం బలం తగ్గినవాళ్లకూ విభాగాలున్నాయి. బాల్యంలో ఎడమ కాలు పోలియోకు గురైన శరద్ కుమార్ ఎత్తుదూకుడులో టోక్యోలో కాంస్యం, 2024 పారిస్‌లో రజతం తెచ్చాడు. పోలియో దెబ్బ వెన్నులోని తల్లి కణానికే తగులుతుంది కాబట్టి అక్కడ మిల్లీమీటరు లెక్క పనిచేయదు, మిగిలిన బలంతోనే ఆడాలి.

గంటల లెక్క

అన్నిటికన్నా ముందు వచ్చేది గంటల లెక్క. మోకాలి కీలు తప్పిన 303 మందిని నార్వేలోని ఓస్లోలో చూసినప్పుడు 19 శాతం మందికి పెరోనియల్ నరం, 5 శాతం మందికి మోకాలి వెనక పెద్ద రక్తనాళం దెబ్బతిన్నాయి. రక్తనాళం తెగితే 8 గంటల్లో కలపాలి. ఆ గడువు దాటిన కాళ్లలో 86 శాతం తీసేయాల్సి వచ్చిందని 1977లో అమెరికా వైద్యులు గ్రీన్, అలెన్ లెక్క తేల్చారు. చెన్నేకొత్తపల్లి నుంచి బెంగళూరుకు రహదారి మీద మూడు గంటలకు అటూ ఇటూ. పుట్టపర్తి, బత్తలపల్లి, అనంతపురం ఆసుపత్రులు అంతకన్నా దగ్గర. గడువు సరిపోతుంది, కానీ ఊళ్లో కట్టు కట్టించుకుని తెల్లారేదాకా చూద్దామనుకుంటే సరిపోదు. కట్టు నాటుదైనా, ఆసుపత్రి ప్లాస్టరైనా మోకాలి బయటి ఎముక దగ్గర బిగువుగా ఉంటే నరం అక్కడే నలుగుతుంది. కట్టు తర్వాత వేళ్లు మొద్దుబారితే ఆ రాత్రే విప్పించాలి.

నరం వచ్చేదాకా ఇంట్లో చేయాల్సిన పని కూడా తక్కువేం కాదు. పాదం వాలి ఉంటే మడమ వెనక తాడు బిగుసుకుపోతుంది, అప్పుడు నరం వచ్చినా పాదం లేవదు. రోజూ చేత్తో పాదాన్ని పైకి నెట్టి పట్టుకోవాలి, రాత్రి పట్టీ కట్టుకుని పడుకోవాలి. స్పర్శ లేని కాలికి తుమ్మముల్లు గుచ్చుకున్నా, మిట్టమధ్యాహ్నం బండరాయి కాలినా తెలియదు. చెప్పు లేకుండా అడుగు వేయకూడదు, రోజూ అరికాలు చూసుకోవాలి.

జేలన్ స్మిత్‌కు జట్టు వైద్యుడు, ఫిజియోలు, 618 రోజులు ఆగగలిగిన జీతం ఉన్నాయి. మన మండలంలో కబడ్డీ ఆడే పిల్లవాడికి ఉన్నవి పీఈటీ సారు, 108 అంబులెన్సు, ప్రభుత్వ ఆరోగ్య కార్డు. అందుకే సార్లకూ, జట్టు కెప్టెన్లకూ, తల్లిదండ్రులకూ నా విన్నపం. మోకాలికి దెబ్బ తగిలిన పిల్లవాణ్ని ఆ సాయంత్రమే మూడు పనులు చేయించండి. బొటనవేలు పైకి ఎత్తమనండి, పాదాన్ని బయటివైపు తిప్పమనండి, బొటనవేలికీ పక్కవేలికీ నడిమి సందులో తాకితే తెలుస్తోందా అని అడగండి. పాదం చల్లబడి, పాలిపోయి ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా దెబ్బ తగిలిన తేదీ, వేళ కాగితం మీద రాసి అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూడు వారాలకు నరాల పరీక్ష, మూడు నెలలకు మళ్లీ పరీక్ష అని అదే కాగితం మీద రాయించుకోండి.